ఒసాకాలో ఒకొనొమియాకి: ఎక్కడ తినాలి, ఎవరికి కుదురుతుంది

దిబ్బరొట్టెను చెరుకు పానకంలో ముంచుకుని తినే ఊళ్లో పుట్టినవాళ్లం మేము. అందుకేనేమో, ఒసాకాలో మొదటి రాత్రి పెనం మీద పొగలు కక్కుతున్న ఒకొనొమియాకికి నల్లటి తియ్యటి సాస్ పూస్తుంటే మా అక్క ఏమాత్రం వింతపడలేదు. "ఉప్పటి రొట్టె మీద తీపి. మనదేరా ఇది," అంది. చాలామంది దీన్ని జపాన్ పిజ్జా అంటారు. గుండ్రంగా ఉండటం తప్ప పిజ్జాతో దీనికి నాకు పోలికేమీ కనిపించలేదు. పిండి తక్కువ, సన్నగా తరిగిన క్యాబేజీ ఎక్కువ, గుడ్డు, పైన పంది మాంసం పొరలు. ఇనుప పెనం మీద మందంగా వేసి ఓపిగ్గా కాలుస్తారు. చుట్టరికం కలపాలంటే మన రొట్టెలతోనే కలపాలి. 'ఒకొనొమి' అంటే నచ్చినది, 'యాకి' అంటే కాల్చినది. ఎవరికి నచ్చింది వాళ్లు వేయించుకోవచ్చని పేరులోనే ఉంది.

కానీ మా ముగ్గురికీ నచ్చేలా వేయించుకోవడం అంత తేలిక కాలేదు. బావగారు ఆవు మాంసం తప్ప అన్నీ తింటారు. అక్క గుడ్డు తింటుంది కానీ చేప, మాంసం ముట్టదు. నాకు ఏ పట్టింపూ లేదు. ముగ్గురం ఒకే పెనం ముందు కూర్చుని తినాలని నేను ఇంటి దగ్గరే అనుకున్నాను. ఐదు రాత్రుల యాత్రలో అది ఒక్కసారే కుదిరింది, అదీ ఒసాకాలో కాదు.

ముందు బస సంగతి. మేం నంబాలో దిగాం. కన్సాయ్ విమానాశ్రయం నుంచి నంకాయ్ వాళ్ల రాపిట్ రైలు నలభై నిమిషాల్లో నంబాకు చేరుస్తుంది, పెట్టెలతో మెట్రో మారే పని లేదు. దోతొంబొరి కాలువ నడక దూరం. ఊరికి ఉత్తరాన ఉన్న ఉమెదాకు, బుల్లెట్ రైళ్లు ఆగే షిన్-ఒసాకాకు వెళ్లాలంటే మిదోసుజి మెట్రో ఒక్కటే చాలు. తిండి కోసమే వెళ్లేవాళ్లకు నంబాయే సుఖం. హోటల్ గది మాత్రం రెండు పెట్టెలు ఒకేసారి తెరిస్తే నడవడానికి చోటు లేనంత చిన్నది. పెద్దవాళ్లతో వెళ్తే గది కొలత చూసి బుక్ చేయండి, ఫొటోలు నమ్మొద్దు.

మొదటి రాత్రి అలసటలో, హోటల్ పక్కన ఇంగ్లీషు మెనూ కనిపించిన ఒక దుకాణంలోకి వెళ్లిపోయాం. అక్కడ మనమే కాల్చుకోవాలి. అక్క కోసం మాంసం వద్దు, చేప వద్దు అని ఫోన్‌లో అనువాదం చూపించాను. సరేనన్నారు. పిండి గిన్నె తెచ్చారు, మేమే వేసుకున్నాం. చివర్లో ఒక అబ్బాయి వచ్చి సాస్ పూసి, గుప్పెడు కత్సుఒబుషి చల్లి వెళ్లాడు. ఎండబెట్టిన చేపను కొయ్యపొట్టులా చెక్కిన రేకులవి. వేడికి అల్లల్లాడుతుంటే చూడటానికి బాగుంటాయి. అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆకలితో ఉన్న మనిషి ముందు నుంచి పళ్లెం జరిపేయడం నాకు చాలా బాధనిపించింది.

ఆ అబ్బాయి తప్పు పెద్దగా లేదని తర్వాత అర్థమైంది. పిండి కలిపేదే చాలాచోట్ల దషితో, అంటే చేప, సముద్రపు నాచు మరిగించిన నీళ్లతో. పైన చల్లే సాస్‌లలో చాలావాటిలో మాంసం సారం, ఆయిస్టర్ సారం ఉంటాయి. అంటే పైన రేకులు తీసేసినా లోపల చేప ఉంటుంది. శాకాహారులు ఒసాకాలో ఏ దుకాణంలోనైనా మూడు ప్రశ్నలు అడగాలి: పిండిలో దషి ఉందా, సాస్‌లో ఏముంది, పైన రేకులు లేకుండా ఇస్తారా. "కత్సుఒబుషి నషి దె" అంటే రేకులు వద్దని. మిగతా రెండూ జపనీస్‌లో రాయించుకుని వెళ్లడం మేలు. పెనం కూడా ఒకటే ఉంటుంది, పక్కన పంది మాంసం కాలుతూనే ఉంటుంది. అది పట్టింపు ఉన్నవాళ్లు ముందే ఆలోచించుకోవాలి.

రెండో రోజు మిజునోకి వెళ్లాం. దోతొంబొరిలో 1945 నుంచి ఉన్న దుకాణం. వీధిలో ఎప్పుడూ క్యూ ఉంటుంది కాబట్టి తెరవడానికి ఇరవై నిమిషాల ముందే నిలబడ్డాం, మొదటి విడతలోనే పెనం ముందు సీట్లు దొరికాయి. ఇక్కడ తినాల్సింది యమాఇమో-యాకి. గోధుమపిండి వేయరు. బదులుగా మన పెండలం జాతికే చెందిన ఒక దుంపను తురిమి, ఆ జిగురుతోనే అట్టు నిలబెడతారు. పైన అంచు కరకరలాడుతుంది, లోపల దుంప నోట్లో పెట్టగానే కరిగిపోతుంది. వంటాయన చేతులు మన ముందే ఆడుతుంటాయి. ఒకసారి తిప్పాక అట్లకాడతో నొక్కడం ఉండదు. మన ఇళ్లలో అట్టు త్వరగా కాలాలని నొక్కుతాం కదా, ఒసాకాలో అది పెద్ద తప్పు. లోపలి గాలి పోతే అట్టు బిగుసుకుపోతుంది. అట్లకాడను అక్కడ 'తెకో' అంటారు. కాలాక దానితోనే చిన్న చిన్న చదరపు ముక్కలుగా కోసుకుని, పెనం మీద నుంచే తింటారు. బావగారు మొదటి ముక్క నాలుక కాల్చుకుని, రెండో ముక్క నుంచి మాట్లాడటం మానేశారు.

మిజునోకి పోవడం తప్పనిసరా? గంటన్నర క్యూలో నిలబడాల్సి వస్తే వద్దంటాను. తెరిచే వేళకు వెళ్లగలిగితే మాత్రం తప్పక వెళ్లండి. ఆ దుంప అట్టు రుచి ఈ యాత్రలో ఇంకెక్కడా దొరకలేదు. అదే చుట్టుపక్కల 'ఒకరు' (Okaru) అనే పేరున్న దుకాణం ఉంది, అట్టు మీద మయొనీస్‌తో త్సుతెంకకు టవర్ బొమ్మ గీసి ఇస్తారు. పిల్లలుంటే అక్కడికి తీసుకెళ్లండి, సంతోషిస్తారు.

ఇక చిబో, ఫుగెత్సు, బొతెజ్యు లాంటి పెద్ద పేర్లు. ఇవన్నీ ఒసాకాలోనే పుట్టి చాలా శాఖలు పెట్టిన దుకాణాలు. ఫుగెత్సు 1950లో త్సురుహషిలో, చిబో 1973లో సెన్నిచిమాయెలో మొదలయ్యాయి. చిబోకు దోతొంబొరి కాలువ పక్కన అంతస్తుల భవనమే ఉంది. కుటుంబంతో, సామానుతో, ఆకలితో ఉన్నప్పుడు ఇవి మంచి ఆసరా. సీట్లు ఎక్కువ, మెనూ అర్థమవుతుంది, రుచి ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. ఫుగెత్సులో క్యాబేజీ గుట్టలా పోసి, మన బల్ల మీదే కాలుస్తారు. కాలడానికి చాలాసేపు పడుతుంది, మధ్యలో మనం చెయ్యి పెట్టకూడదు. నేను ఒక్కడినే, ఒక్క పూటే ఉంటే వీటికి వెళ్లను. నలుగురితో వర్షంలో తడిసి ఉంటే నేరుగా వీటికే వెళ్తాను.

నాకు అన్నిటికన్నా నచ్చింది దోతొంబొరికి దూరంగా ఉంది. ఉమెదాలో హన్‌క్యూ రైలెక్కితే యొదొ నది దాటగానే జుసొ వస్తుంది. పర్యాటకులు తక్కువ, ఆఫీసు నుంచి ఇళ్లకు పోయేవాళ్లు ఎక్కువ. స్టేషన్ దగ్గర సందులో నెగియాకి యమమొతొ ఉంది. 1965లో మొదలైన ఈ దుకాణం నెగియాకికి పుట్టిల్లు. ఇందులో క్యాబేజీ లేదు, దాని చోటంతా ఉల్లికాడలదే. గుప్పిళ్ల కొద్దీ సన్నగా తరిగిన ఉల్లికాడలు, పట్టుకోవడానికి చాలినంత పలుచటి పిండి. పైన తియ్యటి సాస్ ఉండదు. సోయా సాస్, నిమ్మరసం. అది పెనం మీద పడి చుయ్‌మన్నప్పుడు వచ్చే వాసన ఇప్పటికీ నాకు గుర్తుంది. ఇక్కడ పేరున్నది ఆవు స్నాయువు మాంసంతో వేసేది. బావగారి కోసం మేం పంది మాంసంతో వేయించుకున్నాం, ఏ లోటూ తెలియలేదు.

సాస్ లేకపోవడం వల్లే కాల్చిన రుచి తెలుస్తుంది. మిగతాచోట్ల సాస్, మయొనీస్ కలిసి అట్టును కప్పేస్తాయి. మూడో రోజుకు నోరు విసుగెత్తుతుంది. నిమ్మకాయ పిండిన ఉల్లికాడల అట్టు మన నోటికి దగ్గరగా ఉంటుంది. ఒసాకాలో ఒక్క పూటే ఉన్న తెలుగువాళ్లు ఎవరైనా నన్నడిగితే జుసొకే పొమ్మంటాను. ఆ పూట అక్క మా పక్కన కూర్చుని, కన్వీనియెన్స్ స్టోర్‌లో కొన్న ఉప్పు అన్నం ముద్ద సంచీలోనే ఉంచుకుంది. బయటి తిండి లోపల తినడం మర్యాద కాదు కదా. తర్వాత ప్లాట్‌ఫాం చివర బెంచీ మీద తింది. "మీరు తింటుంటే చూడటం బాగానే ఉందిలేరా," అంది. నాకు బాగా అనిపించలేదు.

కిజి గురించి కూడా చెప్పాలి. ఉమెదా స్కై బిల్డింగ్ నేలమాళిగలో తకిమి-కోజి అని షొవా కాలం (1926–1989) తొలినాళ్ల వీధిని తలపించేలా కట్టారు, అందులో ఉందీ దుకాణం. ఉమెదా స్టేషన్ పక్కనే, రైలు పట్టాల కింద ఉన్న షిన్-ఉమెదా షొకుదొగాయ్‌లో కూడా కిజి ఉంది. మేం సాయంత్రం స్కై బిల్డింగ్ పైకెక్కి ఊరంతా చూసి, కిందికి దిగి తిన్నాం. ఇక్కడ మొదన్-యాకి తినండి. అట్టులో నూడుల్స్ కలుస్తాయి కాబట్టి కడుపు నిండిపోతుంది, ఇద్దరికి ఒకటిన్నర చాలు. పక్క సీటులో ఒక పెద్దాయన ఒకొనొమియాకితోపాటు అన్నం, మిసో సూప్ తెప్పించుకున్నారు. అట్టును కూరలా నంచుకుని అన్నం తినడం ఒసాకాలో మామూలే. బావగారికి ఇది ఎంత నచ్చిందంటే, ఆయన కూడా అన్నం తెప్పించుకున్నారు.

నాలుగో రోజు పొద్దున్నే షిన్-ఒసాకాలో నొజొమి బుల్లెట్ రైలు ఎక్కి హిరోషిమా వెళ్లాం. గంటన్నర లోపే. టికెట్ మాత్రం ఒకవైపే పది వేల యెన్‌ల పైమాట, ఒక అట్టు కోసం అంత ఖర్చా అని అక్క గొడవ పెట్టింది. శాంతి ఉద్యానవనం కూడా చూడాలి కదా అని ఒప్పించాను. అసలు కారణం నగతా-యా. అణుబాంబు డోమ్‌కు, మొతొయసు వంతెనకు దగ్గర్లో ఉన్న ఈ దుకాణం మెనూలో శాకాహారులకు, వీగన్లకు విడిగా అట్లు ఉన్నాయి.

హిరోషిమా పద్ధతి వేరు. ఒసాకాలో అన్నీ పిండిలో కలిపేస్తారు, ఇక్కడ పొరలు పేరుస్తారు. ముందు పెసరట్టు కన్నా పలుచగా ఒక అట్టు, దాని మీద క్యాబేజీ కొండ, మొలకలు, ఆ తర్వాత నూడుల్స్, చివర గుడ్డు. ఇక్కడ నొక్కుతారు కూడా, పొరలన్నీ ఒకదానికొకటి అంటుకోవాలి మరి. 1945 ఆగస్టు 6 తర్వాత, ఏమీ మిగలని ఊళ్లో, అమెరికా నుంచి వచ్చిన గోధుమపిండితో కడుపు నింపిన తిండి ఇది. యుద్ధానికి ముందు పిల్లలు చిల్లర డబ్బులకు కొనుక్కునే పలుచటి అట్టే, క్యాబేజీ, నూడుల్స్ చేరి పెద్దవాళ్ల భోజనమైంది. పొద్దునంతా మ్యూజియంలో గడిపి వచ్చాం కాబట్టి, ఆ పెనం ముందు కూర్చున్నప్పుడు ముగ్గురం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మధ్యాహ్నం క్యూ నలభై నిమిషాలు పట్టింది. అక్క శాకాహార అట్టు తెప్పించుకుంది. మా ఇద్దరిదీ పక్కనే. మూడూ ఒకే పెనం మీద. తినేటప్పుడు టెన్షన్ లేకుండా అక్కను చూడటం ఈ యాత్రలో అదే మొదలు. "సాస్‌లో ఖర్జూరం రుచి వస్తోంది," అంది. హిరోషిమాకు చెందిన ఒతఫుకు వాళ్లు తమ ఒకొనొమి సాస్‌లో నిజంగానే ఖర్జూరం వాడతారు. ఆ సంగతి చెప్పగానే అక్క తన నాలుకను తానే మెచ్చుకుంది.

రుచిలో ఏది గొప్ప అంటే నేను ఒసాకా వైపే. అట్టు మెత్తదనం, పెనం ముందు ఆ పనితనం అక్కడ ఎక్కువ. కానీ మీతో చేప, మాంసం తినని వాళ్లుంటే, ఒసాకాలో నాలుగు దుకాణాలు తిరిగి వాళ్లను పక్కన కూర్చోబెట్టే బదులు హిరోషిమాకు ఒక రోజు ఇవ్వండి.

ఖర్చు విషయానికొస్తే, ఒక అట్టుకు వెయ్యి నుంచి రెండు వేల యెన్‌ల మధ్య అవుతుంది. టిప్ ఇవ్వక్కర్లేదు. చిన్న దుకాణాల కోసం కొంత నగదు దగ్గర ఉంచుకోండి. మూసే వేళకు చాలా ముందే ఆర్డర్లు ఆపేస్తారు, రాత్రి ఆలస్యంగా వెళ్లి తలుపు దగ్గర నుంచి వెనక్కి రావద్దు. బట్టలకు, జుట్టుకు పెనం వాసన పట్టేస్తుంది. మరుసటి రోజు వేసుకోవాల్సిన కోటు వేసుకుని వెళ్లకండి.

చివరి రోజు నంబా దగ్గర దొగుయసుజిలో తిరిగాం. వంట సామాను అమ్మే వీధి అది, హోటళ్లవాళ్లు కొనే పెద్ద పెనాల నుంచి చిన్న గరిటెల దాకా దొరుకుతాయి. అక్క అరగంట సేపు ఒక్కో తెకోనూ చేత్తో పట్టి బరువు చూసి, రెండు కొంది. ఒకటి దిబ్బరొట్టె తిప్పడానికట, రెండోది అమ్మకు. మీరూ కొంటే చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. అంచు పదునుగా ఉంటుంది, చేతిసంచీలో ఉంటే విమానాశ్రయంలో ఆపుతారు.