పాత ఇంపోర్టెడ్ స్పోర్ట్స్ కారు కొంటున్నారా? పొల్యూషన్ కాగితాన్ని నమ్మకండి – హైదరాబాద్‌లో నాకు జరిగింది

హైదరాబాద్‌లో పాత ఇంపోర్టెడ్ స్పోర్ట్స్ కారు కోసం వెతుకుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే టోకెన్ ఇచ్చేముందు ఇది ఒక్కసారి చదవండి. అమ్మేవాళ్ళు చూపించే పొల్యూషన్ సర్టిఫికెట్ మీద రీడింగ్ ఎంత తక్కువ ఉన్నా దాన్ని లెక్కలోకి తీసుకోకండి. మీ కళ్ళముందే సైలెన్సర్ గొట్టంలో పొగ కొలిచే ప్రోబ్ పెట్టించి, మిషన్ మీద అంకెలు చూశాకే డబ్బు మాట ఎత్తండి. నేను అలా చేయలేదు. ఏడు వారాలు తిరిగాను, దాదాపు రెండు లక్షలు పోయాయి, ఇంట్లో టెన్షన్ సరేసరి.

కారు మాజ్డా ఎంఎక్స్-5, 2003 మోడల్, 1.8 లీటర్ ఇంజన్, రెండు సీట్లు, మడిచే గుడ్డ టాప్. ఈ కారుని కంపెనీ మన దేశంలో ఎప్పుడూ అమ్మలేదు. ఇక్కడ తిరిగే ఒకటీ అరా విదేశాల నుంచి తెచ్చుకున్నవే. నేను కొన్నది ఇంగ్లాండ్ నుంచి తిరిగొచ్చిన ఒకాయన సామాన్లతో పాటు తెచ్చుకున్నది, 2005 సెప్టెంబర్‌లో ఇక్కడ రిజిస్టర్ అయింది, పాత ఏపీ 09 నంబర్. చేతులు మారి మారి ఒక కార్ కన్సల్టెన్సీ దగ్గరికి చేరితే అక్కడ చూశాను. కాలేజీ రోజుల నుంచీ ఈ కారంటే ప్రాణం, చూడగానే మనసు ఆగలేదు.

కన్సల్టెన్సీ అతను ఫైల్ ముందు పెట్టాడు. కస్టమ్స్ డ్యూటీ కట్టిన కాగితం, బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం), ఆర్సీ, ఇన్సూరెన్స్ అన్నీ సక్రమంగా ఉన్నాయి. అన్నిటికీ పైన రెండు వారాల కిందట తీసిన పొల్యూషన్ సర్టిఫికెట్. కార్బన్ మోనాక్సైడ్ 0.12 శాతం అని ఉంది. ఇరవై ఏళ్ళ కారుకి ఇంత మంచి రీడింగా అని నేనే సంతోషపడి మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను. టెస్ట్ డ్రైవ్‌లో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పచ్చి పెట్రోల్ వాసన వచ్చింది, కళ్ళు మండాయి కూడా. అడిగితే "పాత బండి గదా సార్, టాప్ తీస్తే గట్లనే ఉంటది" అన్నాడు. దయచేసి ఈ మాట ఎవరు చెప్పినా వినకండి. ఈ వయసు కారుకి క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్ అంటారు, పొగలోని విషవాయువుల్ని తగ్గించే డబ్బా) ఉండి, అది పనిచేస్తుంటే, వేడెక్కాక పొగలో పచ్చి పెట్రోల్ వాసన రాకూడదు. ఫిబ్రవరిలో డబ్బు కట్టేశాను.

ఆర్సీ గడువు 2025 సెప్టెంబర్ మధ్యలో ముగుస్తుందని ఉంది. పదిహేనేళ్ళు దాటిన కారుకి ఐదేళ్ళకోసారి రెన్యూవల్ ఉంటుంది కదా, గడువుకి 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అందుకే జులై మధ్యలో ముందుగా కొత్త పొల్యూషన్ తీసుకుందామని మా ఇంటి దగ్గర బంక్‌లో ఉన్న సెంటర్‌కి వెళ్ళాను. అక్కడి కుర్రాడు పద్ధతిగా ప్రోబ్ లోపలికంటా పెట్టి నిమిషం ఆగాడు. స్క్రీన్ మీద కార్బన్ మోనాక్సైడ్ 4.6 శాతం, హైడ్రోకార్బన్లు (మండకుండా మిగిలిన పెట్రోల్) 1,140 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో అన్ని. బీఎస్-2, బీఎస్-3 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాలు) కాలం పెట్రోల్ కార్లకి ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, పరిమితి 0.5 శాతం, 750 పీపీఎం. హైదరాబాద్‌లో బీఎస్-3 వచ్చింది 2005 ఏప్రిల్‌లో కాబట్టి నా కారుకి వర్తించేది ఇదే. 2000కి ముందు పాత కార్లకి ఉన్న 3 శాతం లెక్కలో చూసినా నాది ఫెయిలే. కుర్రాడు రెండోసారి, మూడోసారి పెట్టి చూశాడు. "అన్నా, ఈ బండికి క్యాట్ ఉందా అసలు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

మరి ఫిబ్రవరిలో 0.12 ఎలా వచ్చింది? కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే ఆయనే తాపీగా చెప్పాడు, "మళ్ళ గట్లనే చేయిద్దాం సార్, నంబర్ ప్లేట్ ఫొటో వాట్సాప్ చెయ్యుండ్రి, వెయ్యి రూపాయలు, గంటల కాగితం వస్తది" అని. అంటే ఆ రోజు కారు ఎక్కడికీ కదల్లేదు. ఫొటో ఒక్కటే వెళ్ళింది, అంకెలు ఎవరో కూర్చుని పుట్టించారు. నేను ఒప్పుకోలేదు. అది తప్పు, అదొక మాట. ఇంకోటి ఏంటంటే మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు, పక్క సీట్లో టాప్ తీసుకుని కూర్చునేది వాడే, సిగ్నల్ దగ్గర వెనక నుంచి తిరిగొచ్చే ఆ పొగ పీల్చేది కూడా వాడే. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తలనొప్పి వచ్చేదాకా తెలియదు. రెండుసార్లు వాడు ఇంటికొచ్చి తలనొప్పి అంటే ఎండ అనుకున్నాం. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

ఆ తర్వాత నేను చేసిన రెండో పొరపాటు తొందర. దగ్గర్లో ఉన్న ఒక గ్యారేజీకి ఇచ్చాను. వాళ్ళు స్కానర్ (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెడితే పీ0171 కోడ్ వచ్చింది, అంటే పెట్రోల్ తక్కువ పడుతోందని అర్థం. ఇంజెక్టర్లు మూసుకుపోయాయని చెప్పి క్లీనింగ్‌కి తొమ్మిది వేలు తీసుకున్నారు. పొగలో చూస్తే పెట్రోల్ ఎక్కువ, కోడ్ చూస్తే తక్కువ, ఈ రెండూ ఎలా పొసుగుతాయని అక్కడ ఎవరూ ఆలోచించలేదు, నాకూ అప్పటికి తెలియదు. కింద లిఫ్ట్ ఎక్కించి చూస్తే క్యాట్ ఉండాల్సిన చోట ఉత్త గొట్టం వెల్డింగ్ చేసి ఉంది. క్యాట్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి, పాతదైనా తూకానికి మంచి డబ్బు వస్తుంది. ఎవరో ఎప్పుడో కోసి అమ్ముకున్నారు. సరే, గ్యారేజీ వాళ్ళు 31,000 రూపాయలకి ఒక క్యాట్ తెప్పించి బిగించారు. టెస్ట్‌కి వెళ్తే 0.9 శాతం. మళ్ళీ ఫెయిల్. తిప్పితే సరిపోతుందన్నారు. ఇరవై రోజులు తిప్పాను, ఆగస్టు రెండో వారంలో కింద నుంచి డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు చప్పుడు మొదలైంది.

అప్పుడు ఒక స్నేహితుడు ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాడు, అందరూ చాచా అంటారు. చిన్న రేకుల షెడ్డు, పెద్ద బోర్డు కూడా లేదు. ఆయన ముందు కింద చూడలేదు, బానెట్ ఎత్తలేదు. కీ ఒక్క మెట్టు తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా మీటర్ వైపు చూస్తూ కూర్చున్నారు. "బాబూ, ఇంజన్ లైట్ ఏది?" అన్నారు. కీ ఆన్ చేయగానే ఆ పసుపు లైట్ కాసేపు వెలిగి, ఇంజన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. నా కారులో అసలు వెలగనే లేదు. ఆరు నెలలుగా నడుపుతున్నాను, ఒక్కరోజూ గమనించలేదు. మీటర్ బోర్డు విప్పి వెనక్కి తిప్పితే, వరసగా ఉన్న బల్బుల్లో ఒక చోట బల్బు లేదు, ఆ బెజ్జం మీద నల్ల టేపు ముక్క నీట్‌గా అంటించి ఉంది. చాచా గోటితో ఆ టేపు గీకి తీసి నా చేతిలో పెట్టారు. అదిప్పటికీ నా పర్సులో ఉంది.

ఆ తర్వాత ఆయన ఒక్కొక్కటే విప్పి చూపించారు. స్కానర్‌లో, క్యాట్‌కి ముందున్న ఆక్సిజన్ సెన్సార్ (పొగలో మిగిలిన ఆక్సిజన్ కొలిచి కంప్యూటర్‌కి చెప్పేది) రీడింగ్ పెట్టారు. బాగున్న సెన్సార్ అయితే 0.1 వోల్టు నుంచి 0.9 వోల్టు మధ్య అటూ ఇటూ ఊగుతూనే ఉండాలి. నాది 0.1 దగ్గర కదలకుండా పడి ఉంది. కంప్యూటర్‌కి అది "పెట్రోల్ తక్కువైంది" అనే కబురు, అందుకని పోస్తూనే ఉంటుంది, ఎంత పోసినా సెన్సార్ అదే చెబుతుంది, చివరికి తక్కువైందనే కోడ్ వేస్తుంది. పీ0171 కథ అదన్నమాట. దీనికి తోడు థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజన్ వేడిని ఒక స్థాయిలో నిలబెట్టేది) పీకేసి ఉంది. మన ఊళ్ళో ఇది మామూలు అలవాటు, ఎండాకాలం హీట్ ఎక్కకూడదని మెకానిక్‌లు తీసేస్తారు. ట్రాఫిక్‌లో ఉన్నంతసేపు సరిపోతుంది, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) ఎక్కగానే టెంపరేచర్ ముల్లు కిందకి జారిపోతుంది, ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ మళ్ళీ పెట్రోల్ పెంచుతుంది. ప్లగ్ వైర్లు కూడా పాడై ఒక సిలిండర్ అప్పుడప్పుడు మిస్ అవుతోంది, హైడ్రోకార్బన్లు అంత రావడానికి అది కూడా కారణం.

ఇక ఆ 31,000 క్యాట్. చాచా దాన్ని కోసి చూపించారు. లోపల తేనెపట్టులా సన్నని గదులు ఉండాలి. ఒక పక్క అలాగే ఉన్నాయి, ఇంకో పక్క మొత్తం కరిగి, బెల్లం పాకం చల్లారి గడ్డకట్టినట్టు ముద్దైపోయింది, విరిగిన ముక్కలు డబ్బాలో దొర్లుతున్నాయి. మండకుండా వచ్చిన పెట్రోల్ అంతా క్యాట్ లోపల మండితే జరిగేది అదే. అందుకే మీ కారుకి క్యాట్ వేయించాల్సి వస్తే ముందు సెన్సార్, థర్మోస్టాట్, ప్లగ్‌లు, వైర్లు సరిచేసి, పెట్రోల్ లెక్క కుదిరాకే క్యాట్ జోలికి వెళ్ళండి. ముందే క్యాట్ బిగిద్దాం అనే మెకానిక్ దగ్గర్నుంచి కారు వెనక్కి తెచ్చేసుకోండి.

సామాను అంతా ఇంగ్లాండ్ నుంచి తెప్పించాను. స్పేర్ పార్ట్స్ దుకాణాలుండే రాణీగంజ్ అంతా తిరిగినా ఈ కారువి దొరకలేదు. క్యాట్, రెండు సెన్సార్లు, థర్మోస్టాట్, వైర్లు, ప్లగ్‌లు, కొరియర్, డ్యూటీ కలిపి 96,000. చాచా కూలీ 18,000, నిజానికి ఆయన ఇంకా తక్కువే అడిగారు. సెప్టెంబర్ మొదటి వారంలో అన్నీ బిగించాక, గచ్చిబౌలి దగ్గర ఓఆర్ఆర్ ఎక్కి శంషాబాద్ దాకా వెళ్ళి తిరిగి, ఇంజన్ ఆపకుండా నేరుగా అదే బంక్‌కి, అదే కుర్రాడి దగ్గరికి వెళ్ళాను. క్యాట్ పనిచేయాలంటే దాదాపు 300 డిగ్రీలు దాటి వేడెక్కాలి, చల్లటి కారుతో టెస్ట్‌కి వెళ్తే మంచి కారు కూడా ఫెయిల్ అవ్వచ్చు. కార్బన్ మోనాక్సైడ్ 0.18 శాతం, హైడ్రోకార్బన్లు 94 పీపీఎం. నాకంటే ఆ కుర్రాడే ఎక్కువ సంతోషపడ్డాడు.

కానీ ఈ ఆలస్యానికి ఇంకో దెబ్బ తగిలింది. 2022 ఏప్రిల్ నుంచి ఇంపోర్టెడ్ కారు ఆర్సీ రెన్యూవల్ ఫీజు 40,000, మామూలు కారుకి 5,000. 2025 ఆగస్టులో కేంద్రం ఇరవై ఏళ్ళు దాటిన వాటికి ఈ ఫీజు పెంచింది, మామూలు కారుకి 10,000, ఇంపోర్టెడ్ కారుకి 80,000. జులైలో పొల్యూషన్ పాసై ఉంటే నేను 40,000 తో బయటపడేవాణ్ణి. సెప్టెంబర్‌లో గడువు వారంలో ముగుస్తుందనగా 80,000 కట్టాను. కాబట్టి ఆర్సీ మీద మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, గడువు తేదీ రెండూ చూసి, ఈ ఫీజు ఎవరు భరించాలో బేరంలోనే తేల్చుకోండి. ఇంపోర్టెడ్ అన్న పదం ధర దగ్గర మనకి గొప్పగా వినిపిస్తుంది, కౌంటర్ దగ్గర అది ఎనిమిది రెట్లు.

కారు చూడటానికి వెళ్ళినప్పుడు ఉదయం వెళ్ళండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. కీ ఆన్ చేసి ఇంజన్ లైట్ వెలుగుతుందో లేదో చూడండి. సొంత స్కానర్ తీసుకెళ్ళండి, బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిపే చిన్నది చాలు, కోడ్‌లు లేవని సంబరపడకుండా కారు కంప్యూటర్ తనంతట తాను చేసుకునే లోపలి టెస్ట్‌లు పూర్తయ్యాయా లేదా అన్నది కూడా చూడండి, పూర్తి కాలేదని వస్తే నిన్నో మొన్నో కోడ్‌లు చెరిపేశారని అనుమానించాలి. ఫోన్ టార్చ్ వేసి కిందకి వంగి చూడండి, ఈ కారుకి క్యాట్ మధ్యలో గేర్‌బాక్స్ దగ్గర లావుపాటి డబ్బాలా ఉంటుంది. సన్న గొట్టం, కొత్త వెల్డింగ్ కనిపిస్తే ఇంకేం అడగక్కర్లేదు. అరచేతి అడుగు భాగంతో తట్టితే గలగలమన్నా అంతే, కానీ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే తట్టండి. తర్వాత అరగంట నడిపి టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చి నిలబడుతుందో లేదో చూసి, అటు నుంచి అటే మీకు నచ్చిన పొల్యూషన్ సెంటర్‌కి తీసుకెళ్ళండి. వాళ్ళు చెప్పిన సెంటర్‌కి కాదు. అమ్మేవాళ్ళు "కాగితం ఉంది కదా సార్, మళ్ళీ ఎందుకు" అంటే కారు అక్కడే వదిలేసి వచ్చేయండి, మనసు ఎంత లాగినా సరే.

కన్సల్టెన్సీ అతన్ని అడిగితే "చూసుకునే కొన్నారు గదా" అన్నాడు, పైసా ఇవ్వలేదు. అదే చోట ఇప్పుడు ఇంకో పాత ఇంపోర్టెడ్ రెండు సీట్ల కారు అమ్మకానికి ఉంది, మొన్న ఆదివారం వెళ్ళి చూసొచ్చాను. పొల్యూషన్ కాగితం మీద రీడింగ్ మళ్ళీ అదే 0.12. దాన్ని చూస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే నాకు చెప్పండి, శని ఆదివారాల్లో నేనే స్కానర్ తీసుకుని మీతో పాటు వస్తాను.