తీరిక తక్కువగా ఉన్న పెద్దవారికి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్

తొంభైల్లో టీవీకి తగిలించుకుని వీడియో గేమ్ ఆడి, తర్వాత చదువు, ఉద్యోగం, సంసారం మధ్య ఆ అలవాటును పూర్తిగా వదిలేసిన వారు ఇప్పుడు నలభైకి అటూ ఇటూగా ఉన్నారు. వారిలో మళ్ళీ ఇంట్లో ఆడుకోవాలని ఉన్నవారికి ఏ యంత్రం పనికొస్తుందన్నదే ఈ సమీక్ష. రోజూ గంటల తరబడి ఆడేవారి కోసం రాసిన సమీక్షలు కావలసినన్ని ఉన్నాయి కానీ, రాత్రి భోజనాలయ్యాక అరగంట, ఆదివారం మధ్యాహ్నం ఒక గంట మాత్రమే దొరికే మనిషికి వాటిలోని ఫ్రేముల (సెకనుకు తెర మీద మారే బొమ్మల) లెక్కలతో పెద్దగా పని ఉండదు. ఆ కొద్దిపాటి సమయంలోనే ఆడే మనిషిగా నేను మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌ను చాలాకాలంగా వాడుతున్నాను. ఇది 2020 నవంబరు 10న మనదేశంలో 34,990 రూపాయల ధరతో విడుదలైంది. తర్వాత ధర మారుతూ వచ్చింది కాబట్టి కొనే రోజున సరిచూసుకోవాలి.

మన ఊళ్ళలో అప్పట్లో దొరికిన యంత్రాలు చాలావరకు 1983లో జపాన్‌లో నింటెండో విడుదల చేసిన ఫ్యామికామ్‌కు నకళ్ళు. వాటిలో పెట్టే కాసెట్ మీద వేల ఆటలున్నట్టు రాసి ఉండేది. పెట్టి చూస్తే పది పదిహేను ఆటలే వేర్వేరు పేర్లతో, వేర్వేరు అంచెల నుంచి మొదలవుతూ మళ్ళీ మళ్ళీ వచ్చేవి. ఆ కాసెట్లతో ఆడిన వారికి ఇప్పటి యంత్రాల్లో అన్నిటికంటే పెద్ద మార్పుగా తోచేది బొమ్మల అందం కాదు, ఆటను ఎక్కడైనా ఆపి అక్కడి నుంచే తిరిగి అందుకునే వీలు. ఆనాటి కాంట్రా అనే తుపాకుల ఆటలో ప్రాణాలు, కంటిన్యూ అవకాశాలు అన్నీ అయిపోతే మళ్ళీ అడవిలోని మొదటి అంచె నుంచే మొదలుపెట్టాలి. ఆరో అంచెలో ఉండగా ఇంట్లోవారు వార్తలు చూడాలంటే అంతవరకు పడ్డ శ్రమంతా పోయినట్టే.

సిరీస్ ఎస్‌లో క్విక్ రెజ్యూమ్ అనే సదుపాయం ఉంది. ఆడుతున్న ఆటను అలాగే వదిలి యంత్రాన్ని ఆపేస్తే, ఆ క్షణంలో ఆట ఉన్న స్థితినంతా లోపలి నిల్వలో భద్రపరుస్తుంది. తర్వాత గోడ దగ్గర స్విచ్ తీసేసినా, వారం తర్వాత తిరిగి పెట్టినా, కొద్ది సెకన్లలో అదే మలుపు దగ్గర, అదే అడుగు మీద ఆట తెరుచుకుంటుంది. ఒకటి కాదు, కొన్ని ఆటలను ఇలా వేర్వేరు చోట్ల ఆపి ఉంచుకోవచ్చు. ఇంటర్నెట్ మీద ఇతరులతో ఆడే ఆటలకు మాత్రం ఇది వర్తించదు, ఆపగానే ఆ సంబంధం తెగిపోతుంది. ఒక్కరుగా ఆడే ఆటలకు మాత్రం ఇది ఎంత విలువైనదో చెప్పడానికి నాకు మాటలు చాలవు. పొయ్యి మీద కుక్కర్ కూత వినిపించినా, ఆఫీసు నుంచి ఫోన్ వచ్చినా, చేతిలోని కంట్రోలర్‌ను కింద పెట్టి నిశ్చింతగా లేచి వెళ్ళవచ్చు. పెద్దవారు ఆటలు మానేయడానికి కారణం ఆసక్తి చావడమని చాలామంది అనుకుంటారు. అసలు కారణం, మధ్యలో లేవక తప్పని జీవితానికి మధ్యలో లేవనివ్వని ఆటలు సరిపడకపోవడమేనని నా నమ్మకం.

రెండో పెద్ద మార్పు కంట్రోలర్. ప్లస్ గుర్తు ఆకారంలో ఉన్న బటన్‌తో, మరో రెండు బటన్లతో పెరిగిన చేతులకు ఇందులోని రెండు స్టిక్‌లు మొదట్లో లొంగవు. ఎడమ స్టిక్ మనిషిని నడిపిస్తుంది, కుడి స్టిక్ చూపును తిప్పుతుంది. ఈ రెండు పనులూ ఒకేసారి చేయబోతే తెర మీది మనిషి గోడకు ముఖం ఆనించి ఆకాశం వైపు చూస్తూ నిలబడిపోతాడు. మా మేనల్లుడు పక్కన కూర్చుని, "మామయ్యా, ముందు ఆగి చుట్టూ చూడు, తర్వాత నడువు" అని చెప్పిన పద్ధతే నాకు పనికొచ్చింది. దానికి తోడు, ఆట సెట్టింగుల్లో చూపు తిరిగే వేగాన్ని సగానికి తగ్గించుకుంటే కొద్ది రోజుల్లోనే చెయ్యి కుదురుకుంటుంది. టీవీ సెట్టింగుల్లో ఉండే గేమ్ మోడ్ పెట్టుకోవడం కూడా మరవకూడదు. అది లేకపోతే కొన్ని టీవీల్లో బటన్ నొక్కిన కాసేపటికి గాని బొమ్మ కదలదు, ఆ తప్పు మన చేతిదేనని చాలామంది పొరబడతారు. కంట్రోలర్‌కు లోపల ఛార్జింగ్ బ్యాటరీ ఉండదు, గోడ గడియారంలో వేసే సైజులోని రెండు డబుల్ ఏ బ్యాటరీలు వేయాలి. ఛార్జింగ్ చేసుకునే రకం నాలుగు కొనిపెట్టుకుంటే ఆ బెడద తీరుతుంది.

ఇక ఆటల సంగతి. అరగంట సమయానికి స్టార్‌డ్యూ వ్యాలీ అంతగా అమరిన ఆట నేను మరొకటి చూడలేదు. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి కొన్నేళ్ళపాటు కూర్చుని తయారుచేసిన ఈ ఆట 2016లో వచ్చింది. తాత వదిలివెళ్ళిన పొలం మనకు దక్కుతుంది, మొదటి రోజు చేతికి పార్స్‌నిప్ అనే దుంప విత్తనాలు 15 వస్తాయి. రాళ్ళు, మొద్దులు తీసి, నేల తవ్వి, విత్తనం వేసి, రోజూ నీళ్ళు పోస్తే నాలుగు రోజులకు దుంప ఊరుతుంది. వాన పడిన రోజు నీళ్ళు పోయనక్కరలేదు, దిష్టిబొమ్మ పెట్టకపోతే కాకులు పంట తినిపోతాయి. ఆటలోని ఒక రోజు మన గడియారంలో సుమారు 14 నిమిషాలు కాబట్టి, రెండు రోజుల సేద్యం చేసి పడుకోవడానికి అరగంట సరిపోతుంది. పండినదాన్ని పెట్టెలో వేస్తే తెల్లారేసరికి చెప్పిన ధరకే డబ్బు వస్తుంది, మధ్యవర్తి ఉండడు, ధర పడిపోవడమూ ఉండదు. వ్యవసాయం చూసి పెరిగినవారికి ఈ ఒక్క ఏర్పాటే మనసుకు ఎంతో హాయిగా ఉంటుంది.

ఫోర్జా హొరైజన్ 5 వేరే దారి. 2021లో వచ్చిన ఈ కార్ల ఆట మెక్సికోలో జరుగుతుంది. ఎడారి, వాన కురిసే అడవి, అగ్నిపర్వతం, రాతి వీధుల పాత ఊళ్ళు అన్నీ ఒకే పటంలో ఉంటాయి. పెద్దవారికి నేను దీన్ని సిఫారసు చేయడానికి కారణం పసుపు రంగు వై బటన్. మలుపులో బండి అదుపు తప్పి చెట్టుకు తగిలితే, ఆ బటన్ నొక్కగానే కాలం వెనక్కి నడిచి బండి మలుపుకు ముందున్న చోటికి చేరుతుంది, అక్కడి నుంచి మళ్ళీ తోలుకోవచ్చు. బ్రేకులు, స్టీరింగు విషయంలో యంత్రం సాయం తీసుకునే వీలు కూడా ఉంది. అలవాటయ్యే కొద్దీ ఆ సాయాన్ని ఒక్కొక్కటిగా తగ్గించుకోవచ్చు.

ఇంట్లో ఇద్దరు కలిసి ఆడాలంటే 2021లో వచ్చిన ఇట్ టేక్స్ టూ ముందు వరుసలో ఉంటుంది. విడిపోవాలనుకున్న ఒక జంట చిన్న బొమ్మలుగా మారిపోయి, కలిసి పనిచేస్తే తప్ప బయటపడలేని స్థితిలో ఇరుక్కుంటుంది. ఒక్కరు ఆడే అవకాశమే ఇందులో లేదు. తెర రెండుగా చీలి ఉంటుంది, ఎవరి చేతిలోని సాధనం వారిది. పనిముట్ల షెడ్డులో ఒకరు గోడకు మేకులు విసురుతారు, మరొకరు సుత్తి తలను ఆ మేకులకు తగిలించి ఊగుతూ అవతలికి చేరతారు. జీవితంలో కంట్రోలర్ పట్టని నా భార్య ఈ షెడ్డు దాటేసరికి, ఏ మేకు ఎప్పుడు వేయాలో నాకే చెప్పడం మొదలుపెట్టింది.

పాత ఆటల మీద బెంగ ఉన్నవారికి 2019లో వచ్చిన కాంట్రా యానివర్సరీ కలెక్షన్ ఉంది. అందులో మనం ఆడిన కాంట్రా కూడా ఉంది, నచ్చినచోట ఆటను భద్రపరచుకునే వీలూ ఉంది. నింటెండో వారి మారియో మాత్రం ఈ యంత్రంలో దొరకడు. మన పురాణాల ఛాయలున్న కొత్త ఆట కావాలంటే పుణెలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో విడుదల చేసిన 'రాజీ' అనే ఆటను చూడవచ్చు. పోరాటం అక్కడక్కడ మొరటుగా ఉన్నా, కోటలను చూపిన తీరు కనులపండువుగా ఉంది.

లోపాలు చెప్పకపోతే సమీక్ష పూర్తి కాదు. ఈ యంత్రంలో డిస్క్ పెట్టే చోటు లేదు, ఆటలన్నీ ఇంటర్నెట్ నుంచే దించుకోవాలి. అంటే ఆడేసిన ఆటను అమ్ముకోవడం, స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకోవడం అనే మాటే ఉండదు. కాసెట్లు మార్చుకుంటూ పెరిగిన తరానికి ఇది నిజంగా లోటే. మొదట వచ్చిన తెల్ల రంగు రకంలో నిల్వ 512 జీబీ అని చెప్పినా, ఆటలకు మిగిలేది 364 జీబీ మాత్రమే. పెద్ద ఆటలు ఒక్కొక్కటి వంద జీబీ దాకా లాగేస్తాయి, స్టార్‌డ్యూ వంటి చిన్నవైతే పదుల కొద్దీ పడతాయి. మామూలు హార్డ్ డిస్క్ తగిలించి ఆటలు దాచుకోవచ్చు గాని, ఈ తరం యంత్రం కోసం చేసిన ఆటలను దాని మీద నుంచి నేరుగా ఆడలేం. 2023లో వచ్చిన నలుపు రంగు 1 టీబీ రకంతో ఈ ఇరుకు చాలావరకు తగ్గుతుంది. ఇంట్లో ఇంటర్నెట్‌కు నెలవారీ పరిమితి ఉన్నవారు అప్‌డేట్ల బరువును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

గేమ్ పాస్ చందా గురించి అందరూ గొప్పగా చెబుతారు. ఎన్నో ఆటలు ఒకే చందాకు దొరకడం వాస్తవమే అయినా, ఇంత తక్కువ సమయం ఆడే మనిషికి ఏడాది పొడవునా చందా కట్టడం దండగ. సెలవులున్న నెలలో తీసుకుని, ఆ రోజే ఆటోమేటిక్‌గా కొనసాగే ఏర్పాటును ఆపేసి, నచ్చిన ఒకటి రెండు ఆటలను తగ్గింపు ధర ఉన్నప్పుడు సొంతంగా కొనుక్కోవడం మేలు. కొన్న ఆటలను ఒంటరిగా గాని, ఒకే గదిలో కూర్చుని గాని ఆడటానికి చందా అక్కరలేదు.

ఫోర్‌కే టీవీ ఉండి బొమ్మ నాణ్యత మీద పట్టింపు ఉన్నవారికి, పాత డిస్కులు దాచుకున్నవారికి ఇది సరిపడదు. మామూలు టీవీతో, తక్కువ తీరికతో ఆడేవారు మాత్రం నిస్సంకోచంగా తీసుకోవచ్చు. పెట్టెలో ఒకే కంట్రోలర్ వస్తుంది కాబట్టి, మొదటి ఆట కొనకముందే రెండో కంట్రోలర్‌కు డబ్బు పక్కన పెట్టుకోవాలి.