తరగతిలో వినిపించడానికి ఏది మేలు: ఫోనులో పాడ్‌కాస్టా, మెమరీ కార్డు స్పీకరా?

1936లో ఒడిశాలో చేరిన పర్లాకిమిడిలో, అటు గుణుపురం, రాయగడ వైపు, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివే పిల్లలు ఎందరో ఉన్నారు. ఇంటి మాటకు మించిన తెలుగు వారి చెవిన పడాలంటే ఆడియో పాఠాలు మంచి దారి.

పాడ్‌కాస్టు అంటే ఇంటర్నెట్‌లో భాగాలు భాగాలుగా వచ్చే ఆడియో కార్యక్రమం. అందులో కొత్త భాగం రాగానే ఫోను చెబుతుంది. వేగం తగ్గించవచ్చు, కొన్ని సెకన్లు వెనక్కి జరపవచ్చు. ఉక్తలేఖనానికి ఇంతకంటే ఏం కావాలి! అయితే కొండల మధ్య సిగ్నల్‌ను నమ్ముకుని పాఠం మొదలుపెట్టలేం. ముందుగా దించుకున్నా, మధ్యలో ఫోను మోగితే పిల్లల ధ్యాస చెదిరిపోతుంది.

మెమరీ కార్డు వేసుకునే చిన్న స్పీకరుకు ఆ బెడద లేదు. 64 కేబీపీఎస్ (సెకనుకు 64 కిలోబిట్లు) నాణ్యతతో చేసిన ఎంపీ3 ఆడియో ఫైలు నిమిషానికి దాదాపు అర ఎంబీ మాత్రమే. ఆ లెక్కన 8 జీబీ కార్డులో 250 గంటలకు పైగా పడుతుంది. చాలా స్పీకర్లకు తెర ఉండదు కాబట్టి పాఠాన్ని మూడేసి నిమిషాల ముక్కలు చేసి, ఫైలు పేర్ల ముందు 01, 02 అని వేయాలి. అప్పుడు కావలసిన ముక్కను మీటలతో వెతికి మళ్లీ వినిపించడం తేలిక. ఊళ్లోని అమ్మమ్మలు చెప్పే కథలను రికార్డు చేసి అదే కార్డులో ఎక్కించవచ్చు. తమ ఊరి గొంతు వినబడితే పిల్లలు ఎంత శ్రద్ధగా వింటారో!

తరగతికి నా ఓటు స్పీకరుకే. పాడ్‌కాస్టులు ఉపాధ్యాయులు ఇంటి దగ్గర విని, మంచివి ఎంచుకోవడానికి పనికొస్తాయి. వాటిని కార్డులోకి ఎక్కించే ముందు మాత్రం తయారుచేసినవారి అనుమతి తీసుకోవాలి.