మనసు బాగోలేనప్పుడు తిరిగిన గుళ్లు: రామతీర్థం నుంచి శ్రీముఖలింగం దాకా

సరదాగా గుడికి వెళ్లడం వేరు, దారి తోచక వెళ్లడం వేరు. సరదాగా వెళ్లినప్పుడు పార్కింగ్ ఉందా, ప్రసాదం బాగుందా అని చూసుకుంటాం. కష్టంలో వెళ్లినవాళ్లకి కావాల్సినవి రెండే: దేవుడి ముందు కాసేపు ఎవరూ తొయ్యకుండా నిలబడనివ్వడం, ఆ తర్వాత ఎక్కడైనా నీడన కూర్చోనివ్వడం. మా వైపు గుళ్ల గురించి చాలామంది రాస్తారు గానీ ఈ లెక్కన ఎవరూ రాసినట్టు లేదు, అందుకే నేను రాస్తున్నాను.

మాది విజయనగరం. మా ఆయన పనిచేసే జూట్ మిల్లుకి వేసవిలో లాకౌట్ పెట్టారు. రావాల్సిన జీతాలు ఆగిపోయాయి, పీఎఫ్ సంగతి అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు. బాబు ఇంజనీరింగ్ ఫీజు, అత్తమ్మ కంటి ఆపరేషన్, ఇంటి అద్దె అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. డబ్బు సంగతి ఎలాగోలా సర్దుకోవచ్చు, మా ఆయన మాట్లాడటం మానేశారు, అదే నాకు ఎక్కువ భయం. రాత్రి లేచి చూస్తే వరండాలో కూర్చుని ఉండేవారు. అత్తమ్మ మాత్రం కన్ను బాగుపడితే అరసవల్లి వస్తానని సూర్యనారాయణమూర్తికి మొక్కుకుంది. ఆపరేషన్ బాగా జరిగింది, మరి మొక్కు తీర్చాలి కదా. కార్తీకంలోనే బయలుదేరుదామనుకున్నాం గానీ, 2025 నవంబరు 1న ఏకాదశి పూట శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో వెంకటేశ్వరస్వామి గుడిలో తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయాయని విన్నాక అత్తమ్మని ఆ రద్దీలోకి తీసుకెళ్లడానికి మనసొప్పలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదే: పర్వదినం చూసుకోకండి, మామూలు రోజు చూసుకోండి. మేం మార్గశిరంలో వెళ్లాం.

బయలుదేరే ముందు మా ఊరి అమ్మవారు పైడితల్లమ్మకి చెప్పుకున్నాం. మా ఊళ్లో ఎవరైనా అంతే. మూడు లాంతర్ల దగ్గర చదురుగుడిలో ఎప్పుడూ జనమే, మంగళవారం అయితే చెప్పక్కర్లేదు. రైల్వేస్టేషన్ దగ్గర అమ్మవారిదే ఇంకో గుడి, వనంగుడి, కొంచెం తెరిపిగా ఉంటుంది. ఏదైనా మొర పెట్టుకోవాలంటే నేను అక్కడికే వెళతాను. దసరా వెళ్లిన మొదటి మంగళవారం సిరిమానోత్సవానికి వచ్చేవాళ్లు అమ్మవారిని చూస్తారు, నిజమే, కానీ అమ్మవారితో మాట్లాడుకోవాలంటే ఆ రోజు కుదరదు.

రామతీర్థం విజయనగరానికి పన్నెండు కిలోమీటర్ల దూరం, నెల్లిమర్ల మీదుగా బస్సులూ ఆటోలూ దొరుకుతాయి. కింద గుడి విశాలంగా ఉంటుంది, అత్తమ్మ లాంటివాళ్లకి ఇబ్బంది లేదు. బోధికొండ మీది కోదండరాముడి గుడికి మాత్రం మెట్లెక్కాలి, ఆవిడని కింద కూర్చోబెట్టి మేమిద్దరం ఎక్కాం. 2020 డిసెంబరులో అక్కడి రాములవారి విగ్రహం తల ఎవరో తెగ్గొట్టేశారు, కొలనులో దొరికింది. ఆ రోజుల్లో ఇక్కడ ఎవరింట్లోనూ ముద్ద దిగలేదు. తర్వాత గుడి మొత్తం కొత్తగా కట్టి 2022 ఏప్రిల్లో తెరిచారు. ఆ కొత్త రాతి మండపంలో నిలబడి మా ఆయన చాలాసేపు చూశారు. "దేవుడికే ఇలా అయితే..." అని సగంలో ఆపేశారు. నేను ఏమీ అనలేదు. చాలా రోజుల తర్వాత ఆయన తనంతట తానుగా అన్న మాట అది. పైన తాగడానికి నీళ్లు తీసుకెళ్లండి, ఎండెక్కకముందే దిగిపోండి. పక్కనే గురుభక్తులకొండ మీద బౌద్ధుల కాలం నాటి శిథిలాలున్నాయి, ఓపికుంటే చూడొచ్చు, మేం వెళ్లలేదు.

శ్రీకాకుళానికి ఎక్స్‌ప్రెస్ బస్సులో వెళ్లాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి నాకూ అత్తమ్మకీ ఆధార్ కార్డు చూపిస్తే సరిపోయింది, మా ఆయన ఒక్కరికే టికెట్. చేతిలో డబ్బు ఆడని రోజుల్లో ఇదెంత పెద్ద ఊరటో అనుభవించినవాళ్లకి తెలుస్తుంది. నాన్‌స్టాప్ బస్సు ఎక్కితే ఇది వర్తించదు, బోర్డు చూసుకుని ఎక్కండి. రైల్లో వచ్చేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకోటి, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఊళ్లో ఉండదు, ఆముదాలవలసలో ఉంటుంది, అక్కడి నుంచి మళ్లీ బస్సో ఆటోనో పట్టుకోవాలి. సామాన్లతో, ముసలివాళ్లతో రాత్రిపూట దిగడం కష్టం.

బస విషయంలో మాకు మంచి చెడు రెండూ ఎదురయ్యాయి. బస్టాండు దగ్గర మొదట చూసిన లాడ్జిలో గది అద్దె ఒకటి చెప్పి, తాళం ఇచ్చేటప్పుడు ఇంకోటి చెప్పారు. దుప్పట్లు ఉతికినవి కావు, బాత్‌రూమ్ గడప ఎత్తుగా ఉంది, మోకాళ్ల నొప్పులున్న మనిషి రాత్రి లేస్తే పడిపోవడం ఖాయం. వెనక్కి వచ్చేశాం. రెండోది పాతదే, గోడల రంగు వెలిసిపోయింది, కానీ కౌంటర్లో ఉన్న పెద్దాయన అత్తమ్మ నడక చూసి అడక్కుండానే కింద గది ఇచ్చాడు, "మామ్మగారూ, తెల్లారి అరసవల్లి కదా, నాలుగింటికి ఏణ్ణీళ్లు తెమ్మంటాను" అన్నాడు. తెల్లారి నాలుగింటికి తలుపు కొట్టి బకెట్ వేడినీళ్లు పెట్టారు. గదిలో టీవీ లేదు, ఏసీ లేదు, మాకు అక్కర్లేదు కూడా. గది తీసుకునే ముందు బాత్‌రూమ్ చూడండి, కింద అంతస్తు అడగండి, అద్దె ఎంతో కాగితం మీద రాయించుకోండి.

అరసవల్లి శ్రీకాకుళానికి ఆనుకునే ఉంటుంది, ఆటోలో పది నిమిషాలు కూడా పట్టదు. ఏడో శతాబ్దంలో కళింగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడంటారు. మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదట్లో ఉదయపు సూర్యకిరణాలు సరిగ్గా స్వామి పాదాల మీద పడతాయి. ఆ రోజుల్లో వేలమంది వస్తారు, ఒక్కోసారి మబ్బు పట్టి ఏమీ కనిపించక తిరిగిపోతారు. కంటి జబ్బులు, చర్మవ్యాధులు తగ్గాలని మొక్కుకునేది ఈ స్వామికే. ఆదివారం, రథసప్తమి రద్దీ సంగతి సరేసరి.

మేం వెళ్లింది ఆదివారం కాదు, అయినా లోపల నిలబడనివ్వలేదు. లైను బాగానే నడిచింది, తాగునీళ్లున్నాయి, నేల శుభ్రంగా ఉంది, కాదనను. కానీ గర్భగుడి ఎదుటికి వచ్చేసరికి "నడవండమ్మా, నడవండి" అని చెయ్యి పట్టి పక్కకి జరిపేశారు. నెలల తరబడి కంట్లో మందు వేసుకుని ఈ రోజు కోసం ఎదురుచూసిన మనిషికి దక్కింది ఒక్క రెప్పపాటు. టికెట్ లైనులో వెళ్లినవాళ్లకి కాస్త ఎక్కువసేపు దొరుకుతుంది, అది నాకు బాధగా అనిపించింది, రాయకపోతే నాకు నిద్రపట్టదు. లేనివాళ్లే ఎక్కువ మొక్కుకునే గుడిలో, నడవలేని పెద్దవాళ్లకైనా ఓ నిమిషం ఇస్తే బాగుంటుంది. నేను అత్తమ్మ మొహం చూడటానికే భయపడ్డాను. ఆవిడేమో బయటికొచ్చి ఇంద్ర పుష్కరిణి మెట్ల మీద కూర్చుని, తూర్పున పైకొస్తున్న సూర్యుడి వంక చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "నోపల తోసేస్తే ఏటే, ఈయన్ని ఎవుడు తోస్తాడు" అంది. ఆపరేషన్ అయిన కన్ను మూసి ఒకసారి, ఇంకోది మూసి ఒకసారి, చెట్టు మీది ఆకులు వేరువేరుగా కనపడుతున్నాయని మాకు చెప్పింది. కాబట్టి అరసవల్లి వెళితే పుష్కరిణి దగ్గర కూర్చోవడానికి వేళ ఉంచుకోండి, దర్శనం అవగానే ఆటో ఎక్కేయకండి.

శ్రీకూర్మం గురించి ఎంత రాసినా తక్కువే. అరసవల్లి నుంచి ఆటో మాట్లాడుకున్నాం, దారంతా పొలాలు, కొబ్బరిచెట్లు, సముద్రం దగ్గరపడుతున్నట్టు గాలి తెలిసిపోతుంది. విష్ణుమూర్తి కూర్మావతారంలో పూజలందుకునే గుడి మన దేశంలో ఎంతో అరుదు. స్వామి పడమటి వైపు తిరిగి ఉంటాడు, అందుకే తూర్పున ఒకటి, పడమటన ఒకటి రెండు ధ్వజస్తంభాలు. మమ్మల్ని స్వామికి చాలా దగ్గరగా వెళ్లనిచ్చారు. నల్లటి రాయి, మీద పసుపూ చందనమూ, చూడగానే విగ్రహం అనిపించదు, తల కొంచెం చాచి పడుకున్న తాబేలే. అర్చకస్వామి మా గోత్రం అడిగి, ఏం పని చేస్తారని మా ఆయన్ని అడిగారు. "మిల్లు మూసేశారండీ" అన్నారు ఈయన. అర్చకస్వామి అయ్యో అనలేదు, తెరుస్తారులే అని కూడా అనలేదు. హారతి పళ్లెం పట్టుకునే, "మందరపర్వతం తిరుగుతున్నంతసేపూ స్వామి కింద కదలకుండా మోశాడు నాయనా. పైనున్నవాళ్లకి కింద ఒకరు మోస్తున్నట్టు కనపడను కూడా కనపడడు" అన్నారు. తర్వాత వెనకున్నవాళ్లకి హారతి ఇవ్వడానికి వెళ్లిపోయారు.

ఆ మాటకి ఈయన కళ్లలో నీళ్లు తిరిగాయి. గుడి చుట్టూ ఉన్న రాతి మండపంలోకి వెళ్లి ఓ స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయారు. ఒక స్తంభం చెక్కినట్టు ఇంకోటి ఉండదు అక్కడ, గోడల మీద పాత రంగుల బొమ్మలు, కొన్ని చెరిగిపోయి సగం మొహమే మిగిలాయి. ఎవరూ లెమ్మనలేదు. గంట దాటి కూర్చున్నాం. ఈయన ఎన్నాళ్ల నుంచో కడుపులో పెట్టుకున్నవన్నీ చెప్పారు: ఎవరి దగ్గర ఎంత అప్పు చేశారో, బాబు ఫీజుకి ఎవరిని అడిగి లేదనిపించుకున్నారో, గేటు దగ్గర టెంటులో తోటివాళ్లు ఏమనుకుంటున్నారో. నాకు సగం తెలియనే తెలియవు. దేవుడు ఏం చేస్తాడు అని ఎవరైనా అడిగితే, ఆ గంట ఇచ్చాడని చెప్తాను. మిల్లు తెరిపించలేదు, అప్పు తీర్చలేదు, నాకు మా మనిషిని తిరిగిచ్చాడు. ఆ నమ్మకంతోనే ఇప్పుడు పొద్దున లేస్తున్నాను.

గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లని పెంచుతున్నారు. డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా ఉంటాయి. ఆకుకూర వేస్తే నిదానంగా తింటాయి. పిల్లలు అక్కడినుంచి కదలరు. శ్వేతపుష్కరిణి దగ్గర పితృకార్యాలు కూడా చేయిస్తారు, అస్థికలు కలపడానికి ఒడిశా నుంచి కూడా వస్తారు, అందుకని పుష్కరిణి వైపు కొంచెం రద్దీ, బేరాలు ఉంటాయి, ఎంత తీసుకుంటారో ముందే మాట్లాడుకోవాలి. భోజనానికి ఊళ్లో పెద్దగా ఏమీ లేదు. మేం శ్రీకాకుళంలో కట్టించుకున్న ఇడ్లీలే తిన్నాం.

శ్రీముఖలింగం శ్రీకాకుళానికి దాదాపు 46 కిలోమీటర్లు, నరసన్నపేట మీదుగా వెళ్లాలి. బస్సులు తక్కువ. పెద్దవాళ్లుంటే కారు మాట్లాడుకోవడమే నయం, మేం మాత్రం నరసన్నపేట దాకా బస్సులో వెళ్లి అక్కణ్ణుంచి ఆటో పెట్టుకున్నాం. డ్రైవరు కుర్రాడు వెయిటింగుకి వేరే డబ్బులు అడగలేదు, వంశధార ఒడ్డుకి కూడా తీసుకెళ్లి చూపించాడు. ఒకప్పుడు తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదే అంటారు. మధుకేశ్వరుడి గుడి గోడల మీద శిల్పాలు చూస్తే పూట గడిచిపోతుంది, ఊరి మొదట్లో సోమేశ్వరుడి గుడి కూడా తప్పకుండా చూడండి. నడవడానికి ఎగుడుదిగుడు తక్కువ. జనం బాగా తక్కువ, శివరాత్రికి తప్ప. బస చేయడానికి మాత్రం శ్రీకాకుళం వచ్చేయడమే మంచిది.

లింగం వెనకాల ఓ పెద్ద మట్టి గోలెం ఉంటుంది, అడిగి చూడండి, చాలామంది గమనించకుండా వచ్చేస్తారు. అక్కడ చెప్పే కథ ఇది: పిల్లల్లేని కుమ్మరి ఒకడు మొక్కుకున్నాడు, బిడ్డ పుట్టాడు, మొక్కు ప్రకారం గోలెం చేసి తెస్తే గుమ్మంలో పట్టలేదు. ఏడుస్తూ బయటే వదిలేసి వెళ్లిపోయాడు. తెల్లారి చూస్తే గోలెం లోపలుంది. అత్తమ్మ ఆ కథ రెండుసార్లు చెప్పించుకుని, గోలెం అంచుని, గుమ్మాన్ని మార్చి మార్చి చూసింది.

మిల్లు ఇంకా తెరవలేదు. ఈయన ఓ బట్టల కొట్లో లెక్కలు రాయడానికి వెళుతున్నారు, గేటు దగ్గర మీటింగులకీ వెళుతున్నారు. మా పరిస్థితిలో ఉండి ఒక్క చోటికే వెళ్లగలిగితే శ్రీకూర్మం వెళ్లండి, పొద్దున్నే వెళ్లి మండపంలో కూర్చోండి. రెండో రోజు కూడా కుదిరితే శ్రీముఖలింగం. ఆరోగ్యం కోసం మొక్కు ఉంటే అరసవల్లి, కానీ ఆదివారం వద్దు. ఏ ఊరికైనా తిరుగు బస్సు వేళ దిగేటప్పుడే కండక్టర్ని అడిగేయండి, సాయంత్రం దాటితే పల్లెల వైపు బస్సులు బాగా తగ్గిపోతాయి.