భామాకలాపం: పావుగంట దరువా, పూర్తి కలాపమా? ఏది మేలు?

ఇద్దరు చెరో కొసా పట్టుకున్న తెర. కింద గజ్జెల పాదాలు తప్ప ఏమీ కనబడదు. ఉన్నట్టుండి తెర మీదుగా పొడవాటి జడ ఇవతలికి పడుతుంది. నాకు సాటి వచ్చేవాళ్లుంటే రండని సత్యభామ విసిరే సవాలు అది. ఇప్పటి పిల్లల్లో చాలామందికి భామాకలాపం అంటే, అంటే సత్యభామ కథను ఆడే ఈ కూచిపూడి నృత్యనాటకం అంటే, ఆ జడ, ఆ తర్వాత భామ తనను తాను పరిచయం చేసుకుంటూ ఆడే పాట, ప్రవేశ దరువు. అంతే, పావుగంట.

ఆ పావుగంటను చిన్నచూపు చూడను. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి ఎందరో ఆడపిల్లలకు నేర్పబట్టే, ఎక్కడో డాలస్‌లో పెరిగే అమ్మాయి కూడా ఇవాళ భామ జడ వేసుకుంటోంది. నేర్చుకునేవాళ్లకు దరువే సరైన మొదటి మెట్టు.

కానీ అందులో మాధవి ఉండదు. పూర్తి కలాపానికి ప్రాణం మాధవే. అప్పటిదాకా తాళం వేస్తున్న సూత్రధారుడే, వేషమైనా మార్చకుండా, భామకు చెలికత్తె మాధవి అయిపోతాడు. "మీ ఆయన పేరేమిటమ్మా?" అంటాడు. మొగుడి పేరు నోటితో చెప్పకూడదాయె! భామ సిగ్గుపడుతుంది, సైగ చేస్తుంది, గుణగణాలు వర్ణిస్తుంది. మాధవికి అర్థమైనా కానట్టే ఉంటుంది. జనం నవ్వితే ఇంకాస్త సాగదీస్తుంది, ఆ ఊరి సంగతి ఒకటి కలుపుతుంది. నిన్న ఆడిన కలాపం ఇవాళ ఉండదు.

మూడో దారి, కొత్త లైటింగు, ఫ్యూజన్ సంగీతంతో చేసే ప్రయోగం. చూడ్డానికి బాగుంటుంది. అయితే రికార్డు చేసిన ట్రాకు ఎవరి కోసమూ ఆగదు. జనం నవ్వినా, భామ తడబడినా అది సాగిపోతుంది. పాతదనుకున్న కలాపంలో ఉన్న వెసులుబాటు ఈ కొత్తదానిలో లేదు.

భామ వేషం మగవాళ్లే కట్టాలా అన్న వాదన ఎప్పుడూ ఉంటుంది. ఆడవేషాలకు పేరుపొందిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామను తలుచుకుంటే ఆ పట్టుదల అర్థమవుతుంది. నాకైతే మాధవి వేషం ఎవరు కడతారన్నదే పెద్ద ప్రశ్న.

అందుకే నా ఓటు కలాపానికే. రాత్రంతా అక్కర్లేదు, గంట చాలు. జతులు, అంటే తాళానికి వేసే అడుగుల వరసలు, తగ్గించండి, పాడే మనిషిని పక్కన కూర్చోబెట్టండి, మాధవిని మాత్రం తీసేయకండి. మొగుణ్ణి పేరు పెట్టి పిలిచే ఈ కాలపు భామ, ఏ మాట పైకి అనడానికి సిగ్గుపడుతుందో అది మాధవినే అడగనివ్వండి.