మిర్యాలగూడ బురదకు టైరు చైన్లు కొనొచ్చా?

వరికోతలప్పుడు మిర్యాలగూడ పొలాల బాటల్లో పికప్ దిగబడేది ఎక్కువగా ఖాళీగా ఉన్నప్పుడే. తోలేది వెనక చక్రాలు, బరువేమో ముందు ఇంజిన్ దగ్గర. వెనక టైరు ఒట్టిగా తిరుగుతది. మంచు రోడ్లకు చేసిన, టైరు చుట్టూ వేసే నిచ్చెన రకం ఇనుప చైన్లు మన బురదలోనూ పట్టునిస్తాయి. నిచ్చెన మెట్లలా ఉండే అడ్డ గొలుసులు మట్టిని కోసుకుంటూ పోతాయి. టైరు పక్కన రాసిన సైజుకే కొనాలి. రెండు వెనక చక్రాలకూ వేసి, ఓ వంద మీటర్లు నడిపి, ఆపి మళ్లీ బిగించాలి. వదులైతే బ్రేక్ పైపును, మడ్‌గార్డును కొడతాయి. బండి ఇరుసు దాకా దిగాక వేస్తే మాత్రం గుంత ఇంకా లోతవుతుంది. తారు రోడ్డెక్కే ముందు విప్పాల్సిందే, అదే పెద్ద చిరాకు. ఏడాదికి నాలుగుసార్లే బురద తగిలేవాళ్లకు దండగ. వెనక ఇరుసు మీద 50 కిలోల ఇసుక బస్తాలు నాలుగు, కదలకుండా కట్టుకుంటే చాలు.