పొగ పట్టిన పిల్లి బొమ్మ కోసం కొరెల్యా వరకు

ఇటలీలోని టస్కనీ వెళ్తే ఫ్లోరెన్స్, పీసా చూసి వచ్చేస్తారు చాలామంది. ఒక్క రోజు మిగిలితే సెర్కియో నది లోయలోని కొరెల్యా అంతెల్మినెల్లికి వెళ్లండి. కొండ మీది చిన్న ఊరు. అక్కడి పలాత్సో వాన్ని అనే పాత భవంతిలో ప్లాస్టర్ బొమ్మలకూ వలసలకూ కలిపి ఒక మ్యూజియం ఉంది.

మేం దగ్గర్లోని లుక్కా పట్టణంలో మూడు రాత్రులున్నాం. కోటగోడ లోపలే ఉండాలని ఎక్కువ డబ్బు పెట్టాం. తీరా చూస్తే లిఫ్టు లేదు, నాలుగో అంతస్తు, బుక్ చేసేటప్పుడు ఆ మాటే చెప్పలేదు. స్టేషన్ వైపు, గోడ బయట తీసుకుంటే నయం. అక్కణ్ణుంచి కోటలోకి నడిచే వెళ్లొచ్చు.

లుక్కాలోనే పావోలో క్రెషి సేకరించిన వలస ఉత్తరాలు, పాస్‌పోర్టులు, ఫోటోల మ్యూజియం ఉంది. 1876 నుంచి 1915 లోపు దాదాపు కోటీ 40 లక్షల మంది ఇటలీ వదిలి వెళ్లారు. 1913 ఒక్క ఏడాదిలోనే 8 లక్షల 70 వేల మంది. ఆ ఉత్తరాలు చూశాక ఈ అంకెలు అంకెల్లా అనిపించవు. గంటలో చూసేయొచ్చు. ముందు ఇది చూసి, తర్వాత కొరెల్యా వెళ్తే బాగా అర్థమవుతుంది.

లుక్కా నుంచి ఆవుల్లా వైపు వెళ్లే రైలెక్కి గివిత్సానోలో దిగాలి. దారిలో బోర్గో ఎ మొత్సానో దగ్గర పాతకాలపు ‘దెయ్యం వంతెన’ కనిపిస్తుంది. స్టేషన్ నుంచి పైకి ముందే టాక్సీ మాట్లాడుకోండి.

మ్యూజియంలో నన్ను కట్టిపడేసినవి పిల్లులు. తెల్లటి ప్లాస్టర్ పిల్లికి కొవ్వొత్తి పొగ పట్టించి నల్ల మచ్చలు తెప్పించేవారట. రంగు కొనక్కర్లేదు! పక్కన దేవతలు, నెపోలియన్, గరిబాల్ది, ఇంకా బొమ్మలు పోసే అచ్చులు. ఆ అచ్చుల ముందే చాలాసేపు నిలబడ్డాను. మేస్త్రీ బొమ్మలు మోసుకెళ్లేవాడు కాదు, అచ్చులు పట్టుకుని, ఊళ్లోని కుర్రాళ్లను వెంటేసుకుని బయల్దేరేవాడు. ప్లాస్టర్ ఎక్కడికక్కడే కొనేవారు. రాత్రి పోసిన బొమ్మల్ని పొద్దున్నే చెక్క పలక మీద పేర్చి తలకెత్తుకుని ఆ పిల్లలు పారిస్, లండన్ వీధుల్లో అమ్మేవారు. కొండల్లో చెస్ట్‌నట్ పిండి మీద బతికే ఇళ్లకు ఆ డబ్బే ఆధారం. 1883లో కార్లో వాన్ని ఈ పని నేర్పే బడి కూడా పెట్టించాడు.

మా తాతగారి అన్న రంగూన్ వెళ్లి మళ్లీ రాలేదు. కోరంగి రేవు పేరుతో అక్కడ తెలుగువాళ్లను కోరంగీలు అనేవారని చిన్నప్పుడు విన్నాను. ఆయనది ఒక్క వస్తువు కూడా మా ఇంట్లో లేదు. ఇక్కడ ఎవరో పిల్లాడు మోసిన పలక గురించి చదువుతుంటే గొంతు పట్టేసింది.

మధ్యాహ్నం అదే లోయలోని బార్గా అనే ఊరికి వెళ్లాం. ఇక్కడివాళ్లు స్కాట్లాండ్ వెళ్లి ఐస్‌క్రీమ్, ఫిష్ అండ్ చిప్స్ దుకాణాలు పెట్టారు. అందుకే వీధిలో బ్రిటిష్ ఎర్ర ఫోన్ బూత్ కనిపిస్తుంది. శాకాహారులు ఫార్రో గోధుమల సూప్ అడగండి, మాంసం వేయొద్దని ముందే చెప్పి. మా ఇద్దరికీ కడుపు నిండింది. సాయంత్రం రైలుకి టైముండటంతో చర్చి ముందు మెట్ల మీద కూర్చుని కొండలు చూస్తూ ఉండిపోయాం.